గుబులు కొలిచే ముక్కు

నీరెండ వృద్ధాశ్రమం గురించి ఇంటర్నెట్‌లో పదకొండుమంది రాశారు. ఆరుగురు అయిదు నక్షత్రాలిచ్చారు, అయిదుగురు ఒక్కటే ఇచ్చారు. మధ్యలో రెండని గానీ, మూడని గానీ, పోనీ నాలుగని గానీ అన్న మనిషి ఒక్కడూ లేడు. శాంభవి ముప్ఫై ఏళ్లుగా ల్యాబులో అంకెలతో కాపురం చేస్తున్న మనిషి. ఇలాంటి అంకెలు కనబడితే ఆవిడ స్థిమితంగా కూర్చోలేదు. ఒకే సరుకుని పదకొండుమంది తూచి, సగంమంది బస్తా అనీ సగంమంది చిటికెడు అనీ చెబితే, అబద్ధం ఎవరిదని అడగకూడదు, ఎవరు దేన్ని తూచారని అడగాలి. అది ఆవిడ సిద్ధాంతం.

"చదవండి మేడం, వింటాను," అన్నాడు యోహాను గాజు గొట్టాలు కడుగుతూ.

కాకినాడ రేవుకి దగ్గర్లో, ఎగుమతికి వెళ్లే రొయ్యల్ని పరీక్షించే ల్యాబు అది. శాంభవి అక్కడ పెద్ద కెమిస్టు. యోహాను పద్దెనిమిదేళ్లుగా ఆవిడ దగ్గర టెక్నీషియను. బయట లారీలోంచి రొయ్యల పెట్టెలు దింపుతున్నారు. లోపల ఏసీ ఎంత వేసినా ఆ వాసన పోదు. ఇద్దరూ దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు.

శాంభవి ఫోను దూరంగా పెట్టుకుని చదివింది. "'మా అమ్మ చేత మునగాకు దూయిస్తున్నారు. ఆవిడ తహసీల్దారు గారి భార్య.' ఒక నక్షత్రం."

"ఆయ్."

"'మా అమ్మ మళ్లీ మునగాకు దూస్తోంది. రెండేళ్ల తరవాత ఆవిడ చేతులు కదలడం చూశాం.' అయిదు."

"ఇద్దరమ్మలూ ఒక్కరేనేమోనండి. పిల్లలు వేరయ్యుంటారు."

"'ఇక్కడ ఎవరూ ఎవర్నీ పలకరించరు.' ఒకటి. 'ఇక్కడ ఎవరూ ఊరికే పలకరించి ప్రాణం తియ్యరు.' అయిదు. 'అన్నం ఒంటిగంటన్నర దాటాక పెడతారు.' ఒకటి. 'ఆకలేసినప్పుడు పెడతారు.' అయిదు."

యోహాను నవ్వాడు. శాంభవికి నవ్వు రాలేదు. ఆవిడ వెతుకుతున్నది నాలుగు రోజులు దిగే హోటలు గది కాదు. అక్క సత్యవేణి ఇకమీదట బతకాల్సిన చోటు.

సత్యవేణికి అరవయ్యారేళ్లు. మునిసిపల్ హైస్కూల్లో ముప్ఫై మూడేళ్లు తెలుగు చెప్పి రిటైరైంది. తల్లి పోయేనాటికి శాంభవికి ఏడేళ్లు. పంతొమ్మిదేళ్ల సత్యవేణి ఆ రోజునుంచీ తనే తల్లయింది. ఇద్దరూ పెళ్లిళ్లు చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఈమధ్య అడగడం మానేశారు. ఏణ్ణర్థం కిందట ఒక ఉదయం సత్యవేణి కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం అన్నారు. కుడికాలు కొంత తిరిగి వచ్చింది, చేతికర్రతో నడుస్తోంది. మాట మాత్రం పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది గానీ తను చెప్పాలనుకున్నది నోట్లోకి రాదు. ఇంత పెద్ద భాషలోంచి ఒక్క మాట మిగిలింది. "అదే." నీళ్లు కావాలన్నా అదే, వద్దన్నా అదే, ఎవరైనా పోయారని చెప్పినా అదే.

పగలు చూసుకోవడానికి అప్పలనరసమ్మ అని ఒకామె ఉంది. ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయి, వచ్చేనెల తుని వెళ్లిపోతానంది. ఆమెకి ముందు కుదిరిన ఇద్దరూ మూణ్ణాళ్లకే మానేశారు. ఒకసారి ఎవరూ లేనప్పుడు సత్యవేణి స్నానాలగదిలో పడి రెండు గంటలు చల్లటి గచ్చుమీద ఉండిపోయింది. శాంభవి ఉద్యోగం మానేద్దామంటే ఇంకా ఆరేళ్ల సర్వీసుంది, ఇద్దరికీ ఆధారం అదే. అందుకని హోము వెతుకుతోంది. ఏ హోములో వేసినా, అక్కడ బాగుందో లేదో అక్క చెప్పలేదు. కొట్టినా చెప్పలేదు, ముద్దుచేసినా చెప్పలేదు. ఆ ఒక్క సంగతి శాంభవి గుండెలో ముల్లులా కూర్చుంది.

"మనదగ్గర ముక్కుందిగదండీ," అన్నాడు యోహాను గొట్టాలు తుడుస్తూ. "నక్షత్రాలెందుకు?"

శాంభవి మూడు రోజులుగా ఆ మాట తనే అనుకుంటోంది. పైకి అనడానికి మొహమాటపడింది.

ముక్కు అంటే బ్రీఫ్‌కేసంత యంత్రం. రొయ్య చెడిపోవడం మొదలైన సంగతి మనిషి ముక్కుకి అందేలోగా పట్టుకోవడం కోసం తయారుచేశారు. దానికి ఇంకో విద్య కూడా వచ్చని తెలిసింది మాత్రం అనుకోకుండానే. రెండేళ్ల కిందట తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు వేటకెళ్లిన పడవలు మూడు రోజులు తిరిగి రాలేదు. ఆ మూడు రోజులూ బెస్తవారి ఆడవాళ్లు ల్యాబు వరండాలో చెక్కబల్లమీద కూర్చుని, ఆ బల్ల అంచు పట్టుకుని కబురుకోసం చూశారు. పడవలొచ్చాయి, ఆడవాళ్లు వెళ్లిపోయారు. తరవాత వారం యోహాను యంత్రాన్ని శుభ్రం చేద్దామని ఆ బల్లమీద పెట్టి ఆన్ చేశాడు. రొయ్యలు లేవు, చేపల్లేవు, యంత్రం గీసే గీత మాత్రం కాగితం దాటిపోయింది. భయపడ్డ మనిషి అరచేతి చెమట వేరుగా ఉంటుందనీ, చెక్క దాన్ని పొరలుపొరలుగా పీల్చి దాచుకుంటుందనీ, చెక్కని కాస్త వెచ్చచేసి గాలి పీలిస్తే పైపొరలో నిన్నటి భయం, లోపొరలో పోయిన నెల భయం వేరువేరుగా దొరుకుతాయనీ తేల్చుకోవడానికి వాళ్లిద్దరికీ ఏడాదిన్నర పట్టింది. దాన్ని లెక్కించే కొలతకి శాంభవి ఏదో లాటిన్ పేరు పెట్టింది. యోహాను గుబులు అన్నాడు. ల్యాబులో అందరికీ గుబులే అలవాటైంది.

కొలత అన్నాక సున్నా ఒకటి ఉండాలి. రొయ్యల పరీక్షలో అయితే మచ్చలేని ఐసునీళ్లు తీసుకుని దాన్ని సున్నా అంటారు, మిగతావన్నీ దానితో పోల్చి చూస్తారు. ల్యాబు భాషలో దాని పేరు ఖాళీ నమూనా. మరి ముసలివాళ్ల గుబులుకి ఖాళీ నమూనా ఎక్కడ దొరుకుతుంది? శాంభవి పెద్దగా ఆలోచించలేదు. ఇంట్లో కిటికీ దగ్గర అక్క కూర్చునే టేకు కుర్చీ ఉంది. ఏణ్ణర్థంగా అక్క పొద్దుటినుంచి రాత్రిదాకా దాంట్లోనే ఉంటోంది. సొంత ఇల్లు, సొంత కుర్చీ, తోబుట్టువు నీడ. అంతకంటే నిమ్మళమైన చోటు ఏముంటుంది అనుకుని, ఆ కుర్చీ చేతిని ముక్కుకి చూపించి అక్కడ సున్నా పెట్టింది. సున్నాకి పైన వచ్చిన అంకె ఇంట్లో కంటే ఎక్కువ గుబులని లెక్క.

మొదట స్వర్ణసంధ్యకి వెళ్లారు. దానికి నలభైమంది రాశారు, నలభైమందీ అయిదే ఇచ్చారు. పాలరాతి నేల, గోడలమీద పొద్దుతిరుగుడు పూల బొమ్మలు, వరసగా కూర్చున్న ముసలివాళ్ల భుజాలమీద ఒకే రంగు శాలువాలు. మేనేజరు టై కట్టుకుని ఉన్నాడు. కుర్చీలన్నీ ప్లాస్టిక్‌వి, వాటికి దేన్నీ దాచుకునే గుణం లేదు. మంచాలు చూస్తానని చెప్పి శాంభవి ఒక మంచం తలాపు చెక్క దగ్గర యంత్రాన్ని రెండు నిమిషాలు ఉంచింది. మైనస్ పన్నెండు.

"సముద్రపు గాలండి," అన్నాడు యోహాను బయటికొచ్చాక. "ఉప్పుకి ఫిల్టరు తడిసుంటాది."

ఫిల్టరు మార్చారు. నాలుగు రోజుల తరవాత నీరెండకి వెళ్లారు.

పిఠాపురం దారిలో, రోడ్డునుంచి కొంత లోపలికి, చుట్టూ నిమ్మచెట్లున్న పెంకుటిల్లు నీరెండ. ఉండేది తొమ్మిదిమంది. నడిపేది లీలావతి అని ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. వరండాలో బల్లలమీద నలుగురు కూర్చుని మునగాకు దూస్తున్నారు. ఒకాయన వాళ్లకి వీపు పెట్టి దారివైపు చూస్తున్నాడు. ఒక పెద్దావిడ ఇంకో పెద్దావిడని జల్లెడ విషయంలో తిడుతోంది. ఎవరూ లేచి నమస్కారం పెట్టలేదు, స్వాగతం పలకలేదు. శాంభవికి ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లు వెంటనే అర్థమయ్యారు.

ఆవిడ మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ యంత్రాన్ని బల్ల అంచుకి ఆనించింది. లీలావతి ఊరుకునే మనిషి కాదు.

"ఏంటమ్మా ఆ డబ్బా? మా బల్లకి బీపీ చూస్తన్నారా?"

శాంభవికి అబద్ధం నోట రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెప్పాక బయటికి పొమ్మంటారని బ్యాగు కూడా సర్దుకుంది. లీలావతి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని యంత్రాన్ని నాలుగువైపులా చూసింది.

"అయితే ఆ బల్ల ఒక్కటే చాలదండి. వంటింట్లో పీటలున్నాయి. స్నానాలగదిలో పట్టుకునే కర్ర ఉంది, భయపడితే అక్కడే పడాలి ఎవరైనా. అన్నీ చూసుకోండి. నాకూ చెప్పండి, తెలుసుకోవాలనుంది."

దారివైపు చూస్తున్న ఆయన ఇటు తిరిగాడు. పేరు కొండలరావు. రేవులో లాంచీ నడిపిన సరంగు. "ఒక నక్షత్రం ఇచ్చినోళ్లలో మావాడొకడండీ," అన్నాడు, అదేదో బిరుదన్నట్టు. "ఓరోజు వచ్చేటప్పటికి నేను నిచ్చినెక్కి పెంకు సర్దుతున్నాను. ఇంకేముంది, రాసేశాడు."

"మీకు భయమెయ్యలేదా సరంగు గారూ?" అని అడిగింది శాంభవి.

"వాడికేసిందండి. కూర్చుని ఉన్న తండ్రయితే వాడికి నిమ్మళం. ఇంట్లో మూడేళ్లు కూర్చోబెట్టాడు. మంచి పిల్లాడండి, నాకు మేకు కొట్టే పని కూడా చెప్పేవాడు కాదు."

శాంభవి అన్నీ కొలిచింది. బల్ల, పీట, స్నానాలగది కర్ర, మంచాలు. పైపొర, నడిమిపొర, లోపొర. స్నానాలగది కర్ర దగ్గర కొంచెం పెరిగింది, అది సహజమే. మిగతావన్నీ కలిపి సరాసరి చూస్తే మైనస్ ముప్ఫై ఒకటి.

ల్యాబుకొచ్చాక యంత్రాన్ని విప్పింది. సెన్సరు మార్చింది, పంపు మార్చింది. వరండాలో పాత బల్లమీద పెట్టి చూస్తే ఆ మూడు రోజుల భయం లోపొరలో చెక్కుచెదరకుండా ఉంది. యంత్రం బాగానే ఉంది.

"పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ యోహానూ, మరీ ఇంతానా? హోముల్లో ఉన్నవాళ్లకి సొంతింట్లో ఉన్నవాళ్లకంటే గుబులు తక్కువుంటుందా ఎక్కడైనా?"

యోహాను కడిగిన గొట్టాన్నే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

"ఏంటి, చెప్పు."

"మీరు కోప్పడకూడదండి."

"కోప్పడను."

"రొయ్యల్లో అయితే మీరే చెప్తారు కదండీ కొత్తగా చేరినోళ్లకి. అంకె సున్నా కిందకెళ్లిందంటే సరుకుని చూడొద్దు, యంత్రాన్ని తిట్టొద్దు, ఖాళీ నమూనా తీసి చూడండి అని. ఆ ఏడాది ఐసునీళ్ల డబ్బా పక్కన ఎవరో ఎండుచేపల టిఫిను పెట్టారు, కుళ్లిన సరుకు కూడా శుభ్రమైందనే వచ్చింది. గుర్తుందాండీ?" అతను కొళాయి కట్టేశాడు. "మురికి ఖాళీలో ఉందండి."

శాంభవికి కోపం వచ్చింది, యోహాను మీద కాదు. ఏ పిల్ల కెమిస్టు చేసినా తను చెవి మెలేసి ఉండే తప్పు. ఇల్లు గనక బాగానే ఉంటుందని ఇంటిని సున్నా చేసింది. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

కానీ ఆవిడ కెమిస్టు. తప్పని తెలిశాక, ఎంత తప్పో తెలుసుకోకుండా ఉండలేదు. ఐసునీళ్లే అయితే పారబోసి కొత్తవి తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఖాళీ నమూనాలో కూర్చుని ఉన్నది అక్క. ఆ గుబులు ఎప్పటిది, ఏ వేళది? చెక్కపొరల్లో రోజులు తెలుస్తాయి గానీ గంటలు తెలియవు. అందుకని నూలుగుడ్డ పట్టీలు కత్తిరించి, కుర్చీ చేతికి గంటకొకటి చొప్పున చుట్టి, తీసిన పట్టీని సీసాలో వేసి మూత పెట్టమని అప్పలనరసమ్మకి అప్పజెప్పింది. పొద్దున్న ఎనిమిదినుంచి సాయంత్రం ఆరు దాకా ఆమె, ఆరునుంచి ఎనిమిది దాకా శాంభవి. మూడు రోజులు చేశారు. సత్యవేణి ఆ పట్టీలవంక వింతగా చూసి "అదే" అంది.

అయిదోరోజు ల్యాబులో సీసాలన్నీ వరసగా పెట్టి చూశారు. ఎనిమిదింటికి తక్కువ, పదింటికి ఇంకా తక్కువ. మధ్యాహ్నం రెండూ మూడు మధ్య నీరెండ బల్లతో సమానం. నాలుగింటికి మెల్లగా లేచింది. అయిదూ ఆరు మధ్య నిటారుగా లేచింది. ఆరూ ఏడు మధ్య గీత, తుపాను నాటి బల్లమీద వెళ్లినట్టే, కాగితం దాటిపోయింది. ఏడు దాటాక దిగింది. మూడు రోజులూ అంతే.

యోహాను కాగితం మడిచి ఆవిడ ముందు పెట్టి, రొయ్యల పెట్టెలు చూసొస్తానని బయటికెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరునుంచి ఏడు దాకా శాంభవి అక్కకి మాటలు నేర్పుతుంది.

స్పీచ్ థెరపీ డాక్టరు ఆర్నెల్లు వచ్చి, ఇక ఇంతకంటే రాకపోవచ్చమ్మా, ఆవిణ్ని ఇబ్బంది పెట్టకండి అని చెప్పి మానేశాడు. శాంభవి మానలేదు. అట్టముక్కల మీద తనే బొమ్మలు గీసింది. ఆవు, గొడుగు, చెంబు, వాన, తాళంచెవి, అలా అరవై నాలుగు. ఆఫీసునుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, కాఫీ కూడా తాగకుండా అక్క ఎదురుగా కూర్చుంటుంది. "ఇదేంటక్కా? చెప్పు. ఆ... చెప్పు, నీకొచ్చు." సత్యవేణి నోరు తెరుస్తుంది, పెదవులు కదుపుతుంది, నుదుట చెమట పడుతుంది. "అదే." "అదే కాదక్కా, చూడు, గొ... గొడు..." ఒక్కరోజు తప్పలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా తప్పలేదు. శాంభవికి ఆ గంటంటే చెప్పలేనంత గర్వం. లోకంలో ఏ చెల్లెలు చేస్తుంది ఇంత, అనుకునేది. వేలమంది పిల్లలకి మాటలు దిద్దిన మనిషి, తను పెంచిన పిల్ల ఎదుట రోజూ తప్పుతోందని శాంభవికి ఒక్కసారైనా తట్టలేదు.

ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఒళ్లంతా వేడెక్కేటంత సిగ్గు.

ఇంటికెళ్లేసరికి అయిదున్నర. అప్పలనరసమ్మ బట్టలు మడతపెడుతోంది. "నర్సమ్మా," అంది శాంభవి గొంతు తగ్గించి, "సాయంత్రాలు అక్క ఎలా ఉంటుంది, నేనొచ్చేముందు?"

"ఎలాగుంటారండీ, గడియారం సూత్తారు. అయిదు కొట్టిందగ్గర్నించి సెయ్యి బిగిసిపోద్దండి. పకోడీ ఏసి పెట్టినా ముట్టుకోరు. మీ సెప్పుల సప్పుడినగానే కుర్సీ గట్టిగా పట్టుకుంటారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరడగలేదండి. పైగా మీరు సదువు సెప్తన్నారు గదాని ఊరుకున్నాను. సదువంటే పిల్లలకైనా బయవేగదండీ."

ఆ సాయంత్రం శాంభవి అట్టముక్కలు తియ్యలేదు. తియ్యకపోతే సరిపోతుందనుకుంది. ఆరింటికి అక్క ఎదురుగా కూర్చుని పేపరు తిరగేసింది. సత్యవేణి కళ్లు పేపరు మీద లేవు, అట్టముక్కలుండే అలమర మీద ఉన్నాయి. ఆరుంపావు అయింది, ఆరున్నర అయింది. ఎప్పుడు పిలుస్తారా అని పరీక్షగది బయట కూర్చున్నట్టు ఆవిడ కదలకుండా కూర్చుంది, పిడికిలి కుర్చీ చేతిమీద తెల్లబడిపోయింది. ఏడు కొట్టాక గట్టిగా ఊపిరి వదిలి, కళ్లు మూసుకుని వెనక్కి వాలింది. చెల్లెలు ఇవాళ్టికి మరిచిపోయిందని అనుకున్నట్టుంది. శాంభవికి అప్పుడు వచ్చింది ఏడుపు. పేపరు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ల్యాబు యజమానికి మాత్రం ఈ యంత్రం తెగ నచ్చింది. నక్షత్రాల కాలం చెల్లిపోయింది, ప్రతి హోముకీ గుబులు అంకె తగిలిద్దాం అన్నాడు. శాంభవి రాసిచ్చిన రిపోర్టులో రెండే వాక్యాలున్నాయి. యంత్రం సరిగ్గా పనిచేస్తోంది. సున్నా ఎక్కడ పెట్టాలో మాకు తెలియదు. ఆయనకి అది బోధపడలేదు. ఆవిడ ఆ రాత్రి మళ్లీ ఆ పదకొండు రివ్యూలూ చదివింది. ఇప్పుడు వాటిలో అబద్ధం ఒక్కటీ కనబడలేదు. రాసిన ప్రతివాడూ తన ఇంటిని సున్నా చేసుకుని రాశాడు. ఇంట్లో అమ్మని పూవులా కూర్చోబెట్టానని నమ్మినవాడికి మునగాకు ఒక నక్షత్రం. ఆ పూవు వాడిపోతోందని ముందే చూసినవాడికి అయిదు. నీరెండ అందరికీ ఒకటే. వాళ్లు వెంట తెచ్చుకున్న ఇళ్లు వేరు.

నీరెండలో ఎవరూ ఎవర్నీ పలకరించరన్న రివ్యూ దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. తరవాత లీలావతికి ఫోను చేసింది.

పదిహేను రోజులకని సత్యవేణిని అక్కడ దింపింది. పదిహేనురోజులూ తను రాకుండా ఉంటానని లీలావతికి ముందే చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. లీలావతి జాలిపడలేదు, ఓదార్చలేదు. "మంచం గోడవైపుండాలా, కిటికీవైపా?" అని మాత్రం అడిగింది. ఖాళీ ఇంటికొచ్చి శాంభవి అట్టముక్కలు తీసి బల్లమీద పరిచింది. చెంబు బొమ్మ తనకే గుమ్మడికాయలా కనబడింది. అన్నిటినీ కట్టకట్టి తడిచెత్త బుట్టలో పడేసింది.

ఆ పదిహేను రోజులూ ఆవిడకి ఆరింటికి ఏంచెయ్యాలో తోచలేదు. ఉత్త గోడల్ని చూస్తూ కూర్చుంది, వీధి చివరిదాకా నడిచి వచ్చింది. అక్క లేని ఇంట్లో ఆ గంట తనకే గుబులుగా ఉంది. నాలుగుసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది, అక్క ఎలా ఉందో కనుక్కుందామని. చెయ్యలేదు. అడగడం అనే జబ్బు తనకుందని ఇప్పుడు తెలుసు.

పదహారోరోజు ఆదివారం. పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వెళ్లింది, తిరుగు ప్రయాణానికి ఆగమంది. యంత్రం తీసుకెళ్లలేదు. లీలావతి అక్క బట్టలు సంచిలో సర్ది గదిలో పెట్టింది. "తీసుకెళ్లేదీ ఉంచేదీ మీ ఇష్టం. నేనైతే ఏమీ చెప్పను," అంది.

సత్యవేణి వరండా చివర స్తంభానికి ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. కుడిచెయ్యి సరిగా ఆడదు, ఎడంచేత్తోనే తీస్తోంది. పక్కన కొండలరావు కూడా అదే పనిమీద ఉన్నాడు. ఇద్దరిమధ్యా మాటల్లేవు. చెల్లెల్ని చూసి సత్యవేణి మొహం విప్పారింది, వెంటనే కళ్లు ఆవిడ చేతిసంచి మీదకి వెళ్లాయి. శాంభవి సంచి తెరిచి బోర్లించింది. తాళాలు, కళ్లజోడు పెట్టె, జేబురుమాలు. అట్టముక్కలు లేవు. సత్యవేణి ఆ జేబురుమాలు తీసి, మడతపెట్టి, తిరిగి సంచిలో వేసింది.

గంటసేపు ముగ్గురూ గింజలు తీశారు. శాంభవి ఒక్క మాట అడగలేదు. అంతసేపు అడగకుండా ఆవిడ ఎన్నడూ కూర్చోలేదు. ఆటోవాడు రెండుసార్లు హారను కొట్టాడు. చివరికి పాడు నోరు ఆగలేదు.

"అక్కా, ఇక్కడుంటావా, ఇంటికొస్తావా?"

సత్యవేణి వేళ్లు చేట అంచుమీద బిగుసుకున్నాయి. పెదవులు కదిలాయి, నుదుట చెమట పట్టింది. "అదే," అంది. చాలదన్నట్టు మళ్లీ, ఈసారి భయంగా, "అదే, అదే."

"వద్దు. చెప్పొద్దక్కా. నేనడగలేదనుకో," అంది శాంభవి గబగబా. అడిగినందుకు తన నాలుక తనే కొరుక్కోవాలనిపించింది. అడిగితే అక్కకి పరీక్ష. అడక్కుండా తీసుకెళ్తే తన ఇష్టం. అడక్కుండా వదిలేసి వెళ్తే అదీ తన ఇష్టమే. అక్క ఇష్టం ఏదో తెలిసే దారి ఆవిడకి ఒక్కటే తోచింది. గదిలోంచి బట్టల సంచి తెచ్చి అక్క పక్కన పెట్టింది. "నేను బయల్దేరతానక్కా. ఆటో గేటు దగ్గరుంది," అని చెప్పి మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే అదీ అడగడమే.

నిమ్మచెట్ల మధ్య దారి పొడుగ్గా ఏమీ లేదు, శాంభవే దాన్ని పొడుగు చేసుకుని నడిచింది. గేటు తీసి బయటికి రాబోతుంటే వెనక కర్ర చప్పుడైంది. టక్కుమని ఒకటి, కాలీడ్చిన చప్పుడొకటి. వస్తోంది, అక్క ఇంటికి వస్తోంది. ఆ క్షణంలో వచ్చిన సంతోషానికి ఆవిడ తరవాత చాలాకాలం ఆశ్చర్యపోయింది. నిజంగా రావాలనే కోరుకుందన్నమాట, అంత తెలిశాక కూడా.

గేటు బయట నిలబడి తిరిగి చూసింది. సత్యవేణి చేతిలో బట్టల సంచి లేదు. ఆవిడ మెల్లగా వచ్చి, కర్రని గోడకి ఆనించి, ఎడంచేత్తో గేటు మూసి గొళ్లెం వేసింది. తను లోపల, చెల్లెలు బయట. తరవాత ఆ చెయ్యి గేటు మీదుగా చాచి శాంభవి జారిన పైట సర్దింది. చెదిరిన వెంట్రుకలు చెవి వెనక్కి తోసింది. తల్లి పోయిన ఏడాది, ఏడేళ్ల శాంభవి బడికి పోనని గుమ్మం పట్టుకుని ఏడిస్తే, రోజూ ఇలాగే రిబ్బను సర్ది, జుట్టు చెవి వెనక్కి తోసి, భుజంమీద రెండుసార్లు తట్టి వీధిలోకి పంపేది. ఇప్పుడూ రెండుసార్లు తట్టింది.

"అదే," అంది. ఆ గొంతులో భయం లేదు. అది తెలియడానికి శాంభవికి ఏ యంత్రమూ అవసరం లేకపోయింది.

వచ్చి ఆటోలో కూర్చుంది. ఆటోవాడు ఇంజను స్టార్టు చెయ్యబోయి లోపలికి చూశాడు.

"పెద్దమ్మగారు రారాండీ?"

"రారు," అంది శాంభవి కళ్లు తుడుచుకుంటూ. "నన్ను పంపించింది."